అమ్మ ఒళ్ళో కట్టిన మన్ను

రండర్రా, రండి. ఒరే బబ్లూ, ఆ దుప్పటి ఇలా లాగు. కాళ్ళు నా మీద వెయ్యకు, అసలే మోకాలు నెప్పి. హాసినీ, నువ్విటు పక్కకి రా. ఇందాక మీ అమ్మ కేకలేసిందని ఇంకా మూతి ముడుచుకునే ఉన్నావా? కాళ్ళనిండా మట్టితో గదిలోకి వస్తే కేకలెయ్యదా మరి? అయినా మట్టి సంగతి మీ అమ్మకేం తెలుసులే. ఇవాళ మట్టి కథే చెప్తాను. ముందే చెప్తున్నా, ఊ కొట్టాలి. మధ్యలో లేచి మంచినీళ్ళన్నారో, అక్కడితో ఆపేసి అటు తిరిగి పడుకుంటాను.

అనగనగా... ఎంత అనగనగా అంటే, మన గోదారి ఇంకా తనకి తోచిన దారిన తిరిగే రోజుల్లో, ఆ గోదారి నడుమ ఒక లంక ఉండేదిట. లంకంటే చుట్టూ నీళ్ళు, మధ్యలో ఊరు. నల్లటి ఒండ్రు నేల. గింజ విసిరేస్తే చాలు, మొక్కయి కూర్చునేది. ఆ లంకలో అచ్చమ్మని ఒకావిడ. మొగుడు ఎప్పుడో పోయాడు. పల్లయ్యని ఒక కొడుకు. మంచోడే గానీ కాస్త అమాయకుడు, నిన్న చెప్పింది ఇవాళ మర్చిపోయే రకం. వాడి తర్వాత ఇద్దరు ఆడపిల్లలు, కవలలు. ఆ పిల్లలంటే అచ్చమ్మకి ప్రాణం. కందులు నూర్చిన రోజున తల్లీ పిల్లలూ చేట చుట్టూ కూర్చుని, విత్తనానికి మంచి గింజ ఏరి ముంతలో పోసేవాళ్ళు. చిన్న చిన్న వేళ్ళతో ఆ పిల్లలు ఏరుతుంటే అచ్చమ్మ మురిసిపోయేది.

ఒక ఏడాది గోదారికి ఎక్కడలేని కోపం వచ్చింది. లంకకి లంకే మింగేసింది. దొరికినవాళ్ళు పడవల్లో, దొరకనివాళ్ళు అరటిబోదెల మీద ఒడ్డుకి కొట్టుకొచ్చారు. అచ్చమ్మ పిల్లల్ని కొంగుకి కట్టుకుని, విత్తనాల ముంత చంకన పెట్టుకుని బయటపడింది. బతికిపోయాం అనుకుంది పాపం. వరద తీశాక మొదలయ్యాయర్రా అసలు కష్టాలు. ఆ బురదనీళ్ళే తాగి జనానికి జ్వరాలు, వాంతులు. ఆ పిల్లలిద్దరూ ఒకళ్ళ వెనక ఒకళ్ళు వెళ్ళిపోయారు.

ఏం, ఊ కొట్టట్లేదు? ఏడుస్తున్నావా హాసీ? ఊరుకో తల్లీ. నాకూ ఈ ముక్క చెప్పడం ఇష్టం ఉండదు. అయినా చెప్పకపోతే అచ్చమ్మని మీరు చెడ్డదనుకుంటారు. అందుకని చెప్పాను.

అప్పుడు ఎవరో పెద్దాయన అన్నాట్ట, బురదలో కంటికి కనపడని పురుగులుంటాయమ్మా, అవి కడుపులోకి పోయి ప్రాణం తీస్తాయీ అని. ఆ మాట అచ్చమ్మ మనసులో మేకులా దిగిపోయింది. ఆ రోజునుంచీ ఆవిడకి మట్టి అంటే పగ. ఇల్లు కడిగేది, గిన్నెలు బూడిదేసి తోమేది, బట్టలు ఉడకేసి మండుటెండలో ఆరేసేది. కడిగేది, తోమేది, ఎండబెట్టేది. పొద్దున లేస్తే కడిగేది, తోమేది, ఎండబెట్టేది. ఎవరైనా నవ్వితే నవ్వనీ, పోయినవాళ్ళు మీ పిల్లలు కాదుగా అనేది.

ఆ దేశపు రాజుగారు మంచాయనేలే. లంకోళ్ళని పిలిచి, ఒడ్డున తన బొగ్గుబట్టీలుండే ఎర్రమెరక ఇచ్చాడు. చెట్లు కొట్టి, పేర్చి, మట్టి కప్పి ఏళ్ళ తరబడి కాల్చిన చోటు అది. బట్టీలు పీకించి, చేసుకోండర్రా అన్నాడు. పైకి బంగారంలాంటి నేల. మంటలు మండీ మండీ లోపల ఏం మిగిలిందో ఏం పోయిందో ఎవరికి తెలుసు? రాజుగారికీ తెలీదు. నాగలి పట్టినవాడికీ తెలీదు. లంకోళ్ళు గుడిసెలేసుకుని, నేల బాగుచేసుకుని, ఇంక వచ్చే తొలకరికి విత్తాలి అనుకున్నారు.

ఇప్పుడు మన పిల్ల వస్తుంది కథలోకి. పేరు మరిడమ్మ. మరిడీ, మరిడీ అనేవాళ్ళు. ఎగువన ఎక్కడో కొండల దాపున వాళ్ళ ఊరు. తండ్రి లేడు, తల్లి ఒక్కతే. ఆ తల్లికి దగ్గు జబ్బు. రోజురోజుకీ కృశించిపోతోంది. తను పోయేలోగా పిల్లని ఒక ఇంట చేర్చాలని ఆవిడ ఆరాటం. పల్లయ్య అమాయకుడైతేనేం, పిల్లని కొట్టడు తిట్టడు, అది చాలు అనుకుని పెళ్ళి చేసేసింది.

అప్పగింతలప్పుడు అందరూ ఆడపిల్ల ఒళ్ళో ఏం కడతారు? బియ్యం, పసుపు, కుంకం, ఓ కొబ్బరికాయ. మరిడి తల్లి అవన్నీ కట్టి, ఇంకో రెండు మూటలు కూడా పెట్టింది. ఒకదాన్లో కందివిత్తనాలు. అవి నున్నగా లేవు, పైన మట్టిపూత ఉంది. ఇంకోదాన్లో తన చేలో కందిమొక్కల మొదట్లోంచి తవ్విన మన్ను. పెళ్ళికొచ్చినవాళ్ళు మూతులు తిప్పుకున్నారు. ఆవిడ పట్టించుకోలేదు. దగ్గు ఆపుకుంటూ కూతురి చెవిలో ఒక్క మాట చెప్పింది. “నీ వెంట నేను రాలేనమ్మా. వీళ్ళొస్తారు. వీళ్ళని నువ్వు చల్లగా చూసుకో, వీళ్ళు నిన్ను చూసుకుంటారు.”

ఎవరే అమ్మా వీళ్ళు, అని అడుగుదామనుకుంది మరిడి. అప్పటికే బండి కదిలింది. తల్లి అలా రాట పట్టుకుని నిలబడి ఉండటమే మరిడి ఆఖరుసారి చూడటం. కాళ్ళ పారాణి ఇంకా వదలకుండానే కబురొచ్చింది, మీ అమ్మ పోయిందీ అని. ఆ ఇల్లు ఎవరో చుట్టాలు తాళం పెట్టుకున్నారు. ఇంక ఆ పిల్లకి వెనక్కి తిరిగి చూసుకుంటే ఏమీ లేదర్రా. ఆ గడపొక్కటే గడప.

ఊ కొడుతున్నారా, నిద్రపోయారా? ఆఁ, కొట్టండి, కొట్టండి.

సరే, ఆ కబురు రాకముందు, గృహప్రవేశం నాడు ఏమైందంటే... కోడలు కుడికాలు లోపల పెట్టింది, అచ్చమ్మ ఒళ్ళో మూటలు విప్పించింది. బియ్యం చూసి మురిసింది, పసుపు చూసి మురిసింది, ఆ మట్టి చూసేసరికి మొహం మాడిపోయింది. పాముని తొక్కినట్టు వెనక్కి గెంతింది. “నా ఇంట్లోకి మట్టి తెస్తావా?” అని ఒక్క అరుపు. మన్ను మూట తీసుకెళ్ళి పెరట్లో దడి పక్కన విసిరికొట్టింది. విసురులో విత్తనాల మూట కూడా కాస్త విప్పుకుని నాలుగు గింజలు అక్కడే రాలిపడ్డాయి. అది ఆవిడా చూళ్ళేదు, ఈ పిల్లా చూళ్ళేదు. మిగతా గింజల్ని ఏం చేసిందంటారు? ఆఁ, అదే! కడిగింది, తోమింది, ఎండబెట్టింది. వేణ్ణీళ్ళలో కడిగింది, బూడిదేసి తోమింది, మండే బండమీద పోసి ఎండబెట్టింది. గింజలు అద్దంలా మెరిశాయి. ఇప్పుడు బావుంది అంది.

మరిడి ఆ మెరిసే గింజలకేసి చూసింది. వాళ్ళమ్మ ఏటా బెల్లంనీళ్ళలో చేలో మన్ను కలిపి, విత్తనాలకి పట్టించి, నీడన ఆరబెట్టేది. ఎందుకో మరిడి ఎప్పుడూ అడగలేదు. గడప కడగడం, ముగ్గెయ్యడంలాగ అదీ ఒక ఆచారం అనుకుంది. ఇప్పుడు నోరు తెరిచి చెప్దామంటే ఏమని చెప్తుంది? కొత్తకోడలు. కట్టుకున్న చీర మడత కూడా నలగలేదు. విప్పిన మూటగుడ్డ మడిచి దాచుకుంది.

లంకోళ్ళకి ఒక పద్ధతుండేది. ఆ ఏడాది ఊళ్ళోకి కొత్తగా ఏ కోడలొస్తే ఆ పిల్ల చేత మొదటి గింజ వేయించేవాళ్ళు. ఆ పిల్ల చెయ్యి చలవదైతే ఊరు చల్లగా ఉంటుందని. ఆ తొలకరికి మరిడి చేత వేయించారు. డప్పులు కొట్టారు, పసుపునీళ్ళు చల్లారు. మరిడి వంగి, కళ్ళు మూసుకుని, వాళ్ళమ్మని తల్చుకుని గింజ వేసింది. తర్వాత అందరూ తలా కాస్తా వేశారు.

మొలిచాయర్రా! నిలువునా లేచాయి. జనం పండగ చేసుకున్నారు. మరిడి చెయ్యి పట్టుకుని ముసలాళ్ళు కళ్ళకద్దుకున్నారు. రెండాకులు వేసింది, ఆ పైన ఒక మూడాకుల రెమ్మ వేసింది... అంతే, నిలబడిపోయింది. వాన పడుతోంది, ఎండ కాస్తోంది, మొక్క మాత్రం ఎదగదు. కింద ఆకు పసుపుపచ్చ తిరిగింది. తర్వాత పైది తిరిగింది. తర్వాత వాడి, తలొంచి, నేలకి వాలిపోయింది. ఒక చేను కాదు, అన్ని చేలూ.

ఎందుకంటావా? గింజలో పప్పుంటుంది చూశావూ, అదే దాని పుట్టింటి సద్దిమూట. మొలకెత్తినప్పుడు ఆ సద్ది తినే తలెత్తుతుంది. ఆ సద్ది అయిపోయాక, కొత్తచోట ఎవరో ఒకరు ఇంత ముద్ద అందించాలి. అందించే దిక్కు లేకపోతే బిడ్డ అయినా మొక్క అయినా అంతే.

అది తెలీక ఊరంతా ఏవేవో అనుకున్నారు. బట్టీల్లో కాలిపోయిన చెట్లు దయ్యాలై మొక్కల మెడ నులుముతున్నాయన్నాడు గంగులని ఒక భూతవైద్యుడు. వేపమండలు తెచ్చాడు, నిమ్మకాయలు కోశాడు, ఒక కోడిని కూడా తిన్నాడు. పల్లయ్యకి చెప్పాడు, పట్టపగలే వస్తుందిరా దయ్యం, చీపురు పట్టుకుని కాపలా కాయీ అని. పల్లయ్య చీపురు ఒక చేత, పాత చెప్పు ఒక చేత పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. కూర్చుని కూర్చుని కునుకు తీశాడు. ఏదో మెత్తగా, తడిగా చెవి నాకేసరికి, వచ్చిందిరో దయ్యం అని కెవ్వున అరిచి ఊళ్ళోకి ఒకటే పరుగు. వెనక్కి చూస్తే ఎవరిదో లేగదూడ, వీడు పారిపోతుంటే ఆడుకుంటున్నాడనుకుని తనూ వెనకాల పరిగెత్తుతోంది. నవ్వండి, నవ్వండి. తర్వాత నవ్వు లేదు కొంచెంసేపు.

రెండోసారి విత్తారు. ఈసారి అచ్చమ్మ ఇంకా గట్టిగా కడిగింది, ఇంకా గట్టిగా తోమింది, ఇంకా మాడ్చి ఎండబెట్టింది. కోడలు తెచ్చిన మట్టి దోషమేదో గింజకి అంటుకుందని ఆవిడ భయం. చుట్టుపక్కలవాళ్ళకి కూడా అలాగే చెయ్యమని చెప్పింది. మొలిచింది. రెండాకులు వేసింది, నిలబడిపోయింది. మళ్ళీ పసుపు. మళ్ళీ తలొంచింది.

ఇంక జనం నోళ్ళు ఊరుకుంటాయా? ఆ పిల్ల చెయ్యి మంచిది కాదన్నారు. వస్తూనే తల్లిని మింగిందన్నారు, ఇప్పుడు చేలని మింగుతోందన్నారు. మొన్న చెయ్యి కళ్ళకద్దుకున్న ముసలాళ్ళే! నాకు ఒళ్ళు మండిపోతుందర్రా ఈ మాటలు తల్చుకుంటే. పెద్దలు కూర్చుని తేల్చేశారు. పొద్దున్నే బండి కట్టి ఆ పిల్లని పుట్టింట దింపి రావాలి, ఆమె నీడ చేల మీద పడకూడదూ అని. పుట్టిల్లు ఎక్కడుంది? తాళమేసిన తలుపుంది. ఆ సంగతి తెలిసీ ఎవరూ మాట్లాడలేదు. పల్లయ్య ఒక్కడే, “అదెళ్తే నేనూ ఎళ్తాను” అని బండి చక్రం పట్టుకుని కూర్చున్నాడు. అచ్చమ్మ తల దించుకుని గిన్నెలు తోముతూనే ఉంది.

తెల్లారింది. మరిడి తన చీరలు రెండు మూటగట్టుకుంది. ఎక్కడికి వెళ్ళాలో తెలీదు. వెళ్ళేముందు వాళ్ళమ్మ ఇచ్చిన మన్ను చిటికెడైనా పట్టుకెళ్దామని పెరట్లోకి వెళ్ళింది. అమ్మది అని చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు కదా ఆ పిల్లకి. దడి పక్కన ఆ మూట విసిరిన చోటికి వంగి చూసింది.

చూసి అలాగే కూలబడిపోయింది.

నాలుగు కందిమొక్కలర్రా! ముదురాకుపచ్చగా, మోకాలెత్తున, గాలికి తలలూపుతూ. అక్కడ ఎరువు లేదు, పేడ లేదు, పెంటకుప్ప లేదు. అదే ఎర్రమన్ను, అదే కాలిన నేల. ఉన్నదల్లా వాళ్ళమ్మ మన్ను ఇంత. ఆ పిల్లకి కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు. వేళ్ళతో మెల్లగా, పసిబిడ్డని నిద్రలేపినట్టు, ఒక మొక్క మొదట్లో మట్టి తీసింది. వేరుకి ఆవగింజంత, మిరియమంత బుడిపెలు, పూసలు గుచ్చినట్టున్నాయి. ఒకటి గోటితో గిల్లింది. లోపల ఎర్రగా ఉంది, నెత్తురున్నట్టు. లేచి చేలోకి పరిగెత్తింది. వాలిపోయిన మొక్క ఒకటి పీకింది. ఒట్టి వేరు, నున్నగా, బోడిగా. ఇంకోటి పీకింది. అదీ బోడి. ఇంకోటి. అదీ అంతే.

అప్పుడు గుర్తొచ్చింది ఆ పిల్లకి. చిన్నప్పుడు కలుపు తీస్తుంటే వాళ్ళమ్మ ఒక మొక్క పీకి చూపించేది. ఇవి వాళ్ళ ఇళ్ళే, కంటికి కనపడనంత చిన్నవాళ్ళు, మన్నులో ఉంటారు, మొలక పిలిస్తే వేరు దగ్గరకొచ్చి ఇల్లు కట్టుకుంటారు, గాలిలోంచి బువ్వ తెచ్చి మొక్కకి పెడతారు, మొక్క వాళ్ళకి ఆకుల్లోంచి తీపి పెడుతుంది, అని చెప్పేది. మరిడి అది కథనుకుంది. మీరిప్పుడు కథనుకుంటున్నట్టే. నీ వెంట వీళ్ళొస్తారు అంటే వీళ్ళా! అని గట్టిగా ఏడ్చింది. అమ్మ తనని ఒంటరిగా పంపలేదు. తోడిచ్చి పంపింది. ఆ తోడుని పెరట్లోకి విసిరికొట్టారు, ఉన్న కాస్తా కడిగి, తోమి, ఎండబెట్టి చంపేశారు.

ఊ... ఆఁ, అలా కొట్టాలి.

బుడిపెలున్న మొక్క ఒక చేత, బోడిమొక్క ఒక చేత పట్టుకుని వచ్చి అత్తగారి ముందు నిలబడింది. ఇంట్లోకొచ్చాక అదే మొదటిసారి ఆ పిల్ల నోరెత్తడం. అంతా చెప్పింది. చెప్పి, “అత్తా, ఇంట్లో విత్తనం ఉంటే ఇంత ఇయ్యి, ఈ మన్ను పట్టించి వేస్తాను. ఈసారీ పోతే నువ్వు చెప్పకుండానే పోతాను” అంది.

ఇంట్లో విత్తనం ఏముంది? అంతా రెండుసార్లు చల్లేశారుగా. ఒక్కటే ఉంది. లంక నుంచి చంకన పెట్టుకొచ్చిన ముంత. ఆ ముంతకి అచ్చమ్మ గుడ్డ కట్టి పైన అటక మీద పెట్టింది. రోజూ దాన్ని తుడిచేది, విప్పేది కాదు. అందులోవి ఆ పిల్లలిద్దరూ ఏరిన గింజలు. చివరిగా వాళ్ళ వేళ్ళు తగిలినవి అవే.

అచ్చమ్మ లేచింది. అటకకి అడ్డంగా నిలబడింది. “ఆ బురదే నా పిల్లల్ని తినేసిందే! ఇప్పుడు వాళ్ళ చేతి గింజలకి బురద పుయ్యమంటావా?” అని గుండెలు బాదుకుంటూ కూలబడింది. అన్నాళ్ళూ కడిగీ తోమీ దాచుకున్న ఏడుపంతా ఒక్కసారి బయటికొచ్చింది. మరిడికి ఏం చెయ్యాలో తెలీలేదు. దగ్గరికెళ్ళి కింద కూర్చుంది. తన చేతికి మట్టి అంటి ఉంది కదా, అత్తని ముట్టుకోడానికి భయపడి, చేతులు వెనక్కి పెట్టుకుని అంది. “నిజమే అత్తా. కంటికి కనపడకుండా వచ్చి పట్టుకుపోయేవాళ్ళున్నారు. మా అమ్మనీ అలాగే పట్టుకుపోయారు. అందరూ వాళ్ళే కాదత్తా. కనపడకుండా వచ్చి బువ్వ పెట్టేవాళ్ళూ ఉన్నారు. మన కళ్ళకి కనపడరు గనక వాళ్ళనీ వీళ్ళనీ ఒకటే చేసేశాం.”

అచ్చమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ రెండు మొక్కలకేసి చూసింది. కోడలు వెనక్కి పెట్టుకున్న చేతులకేసి చూసింది. ఇన్నాళ్ళుగా ఈ పిల్ల ఈ ఇంట్లో ఇంత ముద్ద తిందా లేదా అని తను ఒక్కనాడూ అడగలేదని అప్పుడు తట్టింది ఆవిడకి. తల్లి పోయిన కబురొచ్చిన రోజున కూడా ఆ పిల్ల ఒక్కతే దడి పక్కన ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి వంట చేసింది. సన్నబడిపోయింది. పాలిపోయి పసుపుపచ్చగా అయింది. అచ్చం చేలో మొక్కలాగే ఉంది.

లేచి, అటక మీంచి ముంత దించింది. గుడ్డ విప్పింది. “నేనే పూస్తాను, ఎలాగో చెప్పు” అంది.

బెల్లం కరిగించి, చల్లార్చి, ఆ నాలుగు మొక్కల మొదట్లో మన్ను మెత్తగా చేసి కలిపారు. అచ్చమ్మ అందులో చెయ్యి పెట్టడానికి ముందు ఒకసారి కళ్ళు మూసుకుంది. తర్వాత పెట్టింది. గుప్పెడు గుప్పెడు గింజలకి, పసిపిల్లకి నూనె అంటినట్టు, మన్ను పట్టించింది. పట్టిస్తూ ఆ పిల్లల పేర్లు ఒక్కొక్కటే పిలుచుకుంది. కన్నీళ్ళు కూడా కలిశాయేమో ఆ గింజలకి. అయ్యాక అలవాటుగా చేట ఎత్తి ఎండలోకి నడిచింది. మరిడి చటుక్కున చెయ్యి పట్టుకుంది. ఎండలో వద్దత్తా, వాళ్ళు తట్టుకోలేరు, మా అమ్మ ఎప్పుడూ నీడనే ఆరబెట్టేది అంది. పందిరి కింద పరిచి, ఎండ తగ్గాక, మబ్బు చూసి వేశారు. ఊళ్ళోవాళ్ళు దూరం నుంచి చూశారు. అచ్చమ్మ గట్టెక్కి, “నా కోడలి మీద ఎవరైనా నోరు జారారో!” అని ఒక్క అరుపు అరిచింది. ఎవరూ జారలేదు. పల్లయ్య బండి చక్రం వదిలేసి వచ్చాడు.

మొలిచింది. రెండాకులు వేసింది. మూడాకుల రెమ్మ వేసింది. మరిడికి అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. ఇక్కడే కదా రెండుసార్లూ ఆగిపోయింది? అచ్చమ్మ రోజూ పొద్దున్నే చేలోకి వెళ్ళి మొక్కల దగ్గర గొంతుక్కూర్చునేది. ఏం చేస్తున్నావే అమ్మా అని పల్లయ్య అడిగితే, వాళ్ళని పిలుస్తున్నాన్రా అనేది. రండమ్మా, నా మీద కోపం పెట్టుకోకండీ, మిమ్మల్ని ఎరగక కడిగేశాను, ఈ పసిదానికి ఇంత బువ్వ పెట్టండీ అని మట్టితో మాట్లాడేది. ఆ పసిది మొక్కో, కోడలో, ఆవిడకే తెలియాలి.

ఒకనాడు పొద్దున్నే చేలోంచి కేక. “మరిడీ! ఒసే మరిడీ! తల్లీ!” అని. మొక్క మళ్ళీ పోయిందనుకుంది మరిడి. ముగ్గు చిప్ప అక్కడే పడేసి పరిగెత్తింది. అచ్చమ్మ మట్టిలో మోకాళ్ళ మీద కూర్చునుంది. చీరంతా మట్టి, మొహం మీద మట్టి. అరచేతిలో ఒక లేతమొక్క. దాని వేరుకి ఒకే ఒక్క బుడిపె, ఆవగింజంత. “వచ్చారే! ఇల్లు కట్టుకున్నారే!” అని ఆ మట్టిచేతులతోనే కోడల్ని ఒళ్ళోకి లాక్కుంది. మరిడికి వాళ్ళమ్మ దగ్గర వాసనే వచ్చిందిట, అదే మట్టివాసన. అంతవరకూ ఆ పిల్ల అత్తగారింట్లో ఉంది. ఆ పొద్దు నుంచీ తన ఇంట్లో ఉంది.

ఇంకేముంది? నాలుగో రెమ్మ వేసింది, అయిదోది వేసింది, నడుమెత్తు లేచింది. మన్ను వేరుకి పెట్టె, వేరు కాడకి పెట్టె, కాడ రెమ్మకి పెట్టె, రెమ్మ పువ్వుకి పెట్టె, పువ్వు కాయకి పెట్టె, కాయ చేటకి పెట్టె, చేట కుండకి పెట్టె, కుండ పల్లయ్యకి పెట్టె! ఆ చేలో మన్ను ఊరందరూ గంపలతో పట్టుకెళ్ళి తమ చేలల్లో కలుపుకున్నారు. మరుసటేడు ఆ ఎర్రమెరకంతా పచ్చగా నిండిపోయింది. రాజుగారు చూడ్డానికొచ్చి, మీకింత మేలు చేసినవాళ్ళెవరు, పిలవండి, శాలువా కప్పుతాను అన్నాట్ట. మరిడి వేరు చూపించింది. ఆయన ఒక కన్ను మూసి చూశాడు, రెండో కన్ను మూసి చూశాడు, ఎవరూ కనపడలేదు. సరే, కనపడనివాళ్ళకి శాలువా ఎందుకని, ఈ నేల మీద ఇంకెప్పుడూ బట్టీ పెట్టకూడదు, మంట వెయ్యకూడదు అని చాటింపు వేయించాడు. అదే వాళ్ళకి శాలువా.

మీ మావయ్య విత్తనాలప్పుడు ప్యాకెట్లో నల్లపొడి తెచ్చి బెల్లంనీళ్ళలో కలుపుతాడే, అది తినేదనుకుని వీడు వేలు పెట్టబోయాడూ, వాళ్ళే వీళ్ళు. బాక్టీరియా అంటాడు మీ మావయ్య. జబ్బు చేసేవాళ్ళ పేరూ అదేగా అంటే, మనుషుల్లో లేరూ మంచీ చెడ్డా, వీళ్ళూ అంతే అంటాడు. అలాగని చేతులు కడుక్కోకుండా అన్నానికొచ్చారంటే వీపు విమానం మోత మోగుతుంది. అచ్చమ్మ కడగడం తప్పు కాదర్రా. ఏది కడగాలో, ఏది ఉంచుకోవాలో తెలీలేదు, అంతే.

తర్వాత మరిడికి ఒక ఆడపిల్ల పుట్టింది. పెరిగింది, పెద్దదైంది, పెళ్ళయింది. అప్పటికి అచ్చమ్మ ఒంగిపోయింది, కళ్ళు సరిగా ఆనవు. అప్పగింతలప్పుడు మరిడి బియ్యం కట్టింది, పసుపు కట్టింది. అచ్చమ్మ కర్ర పోటేసుకుంటూ చేలోకి వెళ్ళి, తన చేత్తో తవ్విన మన్ను తన కొంగులో తెచ్చి మనవరాలి ఒళ్ళో పోసింది. మట్టెందుకు నాయనమ్మా అని ఆ పిల్ల అడిగితే, “మేము రాలేమే. వీళ్ళొస్తారు” అంది. పక్కనే ఉన్న మరిడి ఆ మాట విని మొహం పక్కకి తిప్పుకుంది. ఇంక ఆ ఊళ్ళో ఏ ఆడపిల్లనీ ఒట్టి ఒడితో పంపలేదుట.

హాసీ, మీ క్లాసులో కొత్తగా ఒకమ్మాయి చేరింది, ఎవరితోనూ మాట్లాడదు, ఒక్కతే డబ్బా తెరుచుకుని తింటుంది అన్నావు కదూ? దాని సద్దిమూట అయిపోతోందేమో. రేపు వెళ్ళి పక్కన కూర్చుని నీ డబ్బాలోది ఇంత పెట్టు. చాలు. పెడతావా? ఆఁ, నా తల్లే.

బబ్లూ గాడు ఎప్పుడో పడుకున్నాడు. ఇంక కథని మూటగట్టి కంచి బండెక్కించేశాను. మన ఇల్లు ఈ దుప్పటే. కళ్ళు మూసుకో.